హేమావతి శిలల రాజకీయ చరిత్ర

హిందూపురం, పెనుకొండ ప్రాంతాల గతాన్ని విజయనగర ప్రాభవంతోనే ఆరంభించడం మనకు అలవాటైంది. కాని పెనుకొండ దుర్గానికి రాచఠీవి దక్కడానికి నాలుగు శతాబ్దాల పూర్వమే, నేడు కర్ణాటక సరిహద్దు చెంత అమరాపురం మండలంలో ఒదిగి ఉన్న హేమావతి, హెంజేరు అన్న పేరుతో నొళంబ పల్లవులకు రాజధానిగా వర్ధిల్లింది.

రాష్ట్రకూటులకూ గంగులకూ నడుమ, ఒకప్పుడు సామంతులుగా, మరొకప్పుడు ప్రత్యర్థులుగా నిలదొక్కుకొన్న ఈ వంశం 9, 10 శతాబ్దాలలో నొళంబవాడి ముప్పైరెండు వేల సీమను ఏలింది. హేమావతి స్తంభశాసనం ఈశ్వర వంశజుడైన త్రినయన పల్లవునితో మొదలుపెట్టి మంగళుడు, సింహపోతుడు, చారుపొన్నేరుడు, పొలల్చోరుడు, మహేంద్రుడు అంటూ వంశక్రమాన్ని వరుసగా చెబుతుంది. అక్కడి దొడ్డేశ్వరాలయపు నల్లరాతి స్తంభాల నునుపూ, లతల మెలికల నడుమ దేవతామూర్తులను పొదిగిన రాతి జాలకాలూ చూసినవారికి, ఈ చిన్న రాజ్యం తన గౌరవాన్ని సైన్యంతో పాటు శిల్పంతోనూ చాటుకొన్నదని బోధపడుతుంది.

ఆ గౌరవమే శత్రువులకు లక్ష్యమైంది. గంగరాజు రెండవ మారసింహుడు ‘నొళంబకులాంతక’ బిరుదు ధరించాడు. ఆపై రాజరాజ చోళుడు జయించిన సీమలలో నొళంబపాడి ఒకటైంది. చోళసీమలోని తిరువయ్యారు పంచనదీశ్వరాలయ ప్రాంగణంలో నేటికీ నిలిచిన నొళంబ శైలి స్తంభాలు ఆ విజయయాత్రల ఫలమేనని పండితుల అభిప్రాయం. చాళుక్య రాజధాని కల్యాణపురాన్ని దహించి తెచ్చినట్లు పీఠంపైనే చెక్కించిన చాళుక్య ద్వారపాలకుణ్ణి రాజాధిరాజ చోళుడు తన సీమకు తరలించిన తీరును గుర్తుంచుకొంటే, శిల్పాపహరణం ఆనాటి రాజనీతిలో అంగీకృతమైన విజయచిహ్నమని తెలుస్తుంది. దానిని కేవలం దోపిడీగా కొట్టివేయలేము, కళాభిమానంగా కీర్తించనూలేము.

ఆంగ్లేయుల కాలంలో శిలలు మరో మార్గాన కదిలాయి. 1851లో వెలసిన మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కాలక్రమంలో హేమావతి స్తంభాలకూ మూర్తులకూ నెలవైంది. ఆదరణ లేని శిథిలాల రాళ్లు ఇళ్ల పునాదులకూ చెరువుకట్టలకూ చేరిన కాలమది. కాబట్టి మ్యూజియం చేసిన రక్షణను తక్కువచేసి మాట్లాడరాదు. 1964లో కళాచరిత్రకారుడు సి. శివరామమూర్తి ఈ శిల్పాలపై వెలువరించిన అధ్యయనం నొళంబ కళకు విద్వల్లోకంలో స్థానం కల్పించింది. అయినా గుడి నుండి వేరుపడిన స్తంభం తాను మోసిన మండపాన్ని గురించి చెప్పగలిగింది స్వల్పమే. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు హేమావతి ఉన్న మడకశిర తాలూకా ఇటు వచ్చింది. దాని శిల్పసంపదలో ప్రశస్తమైన భాగం మద్రాసులోనే ఉండిపోయింది.

ఇక భాషారాష్ట్రాల యుగం మరో చిక్కు తెచ్చింది. ఇక్కడి నొళంబ శాసనాలు ప్రధానంగా కన్నడంలో ఉన్నాయి, వంశస్మృతి పల్లవులను తలుస్తుంది, నేల ఆంధ్రదేశానిది, శిలలు కొన్ని తమిళసీమలో ఉన్నాయి. ఇటువంటి నగరాన్ని ఏ ఒక్క భాష చరిత్రలోనైనా పూర్తిగా ఇమడ్చాలంటే, కొన్ని సాక్ష్యాలను కప్పిపుచ్చక తప్పదు. హేమావతిలోని సిద్ధేశ్వరస్వామి సన్నిధికి సరిహద్దుకు ఇరువైపుల నుండీ వచ్చే భక్తులకు ఈ వివాదం పట్టదు గాని, ఏ గుడికి నిధులివ్వాలి, ఏ రాజును పాఠంలో చేర్చాలి అని తేల్చే ప్రభుత్వాలకు పడుతుంది.

శిలలన్నింటినీ వెనక్కి రప్పించడం సాధ్యమూ కాదు, అన్ని విధాలా శ్రేయస్కరమూ కాదు. చేయదగినది ఒకటుంది: హేమావతి, చెన్నై, తిరువయ్యారులలోని శిల్పాలను, శాసనాలను కలిపి ఒకే పట్టికగా కూర్చి, ఏది ఏ ఆలయానిదో నిర్ధారించి, తెలుగు, కన్నడ, తమిళాలలో ప్రజల ముందుంచడం. మూడు రాష్ట్రాల పురావస్తు శాఖలు కేంద్ర శాఖతో కలిసి పూనుకొంటే తప్ప ఆ పని జరగదు. అది జరిగేవరకు నొళంబుల రాజధాని చరిత్రను మనం ముక్కలుగానే చదువుతుంటాము.