మన్యంలో కార్మిక నష్టపరిహారం

పనిలో గాయపడిన కార్మికుడికి, ప్రాణం పోతే అతని కుటుంబానికి, రావలసిన సొమ్మును తేల్చి ఇప్పించే ఏర్పాటును కార్మిక నష్టపరిహారం అంటారు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మన్యంలో దీని కథ మైదానంలో నడిచినట్టు నడవలేదు. చట్టం ముందుగా యజమాని ఎవరని అడుగుతుంది. మన్యంలో చాలా పనులకు యజమానే ఉండడు. అక్కడ రాష్ట్ర ఖజానా ఎంతవరకు ఆదుకుందన్నదే ఈ చరిత్రలో ముఖ్యం.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించిన రోజుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో చాకిరీ చేయించుకుని కూలి ఎగవేశాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై చేసిన దాడి వెనుక ఈ కోపమూ ఉంది. ఆయన నడిపిన తిరుగుబాటు సాగుతుండగానే, 1923 మార్చిలో, పనివారి నష్టపరిహార చట్టం వచ్చింది. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. జూలై 1న చట్టం అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం పరిహారం చెల్లించేది యజమాని. రాష్ట్రం కమిషనర్‌ను నియమించి, ఆ కార్యాలయం ఖర్చు భరించేది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాధ్యతను కార్మిక శాఖ అధికారులకే అప్పగించారు. మరణ పరిహారాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇచ్చి సంతకం పెట్టించుకుంటే చెల్లేది కాదు, కమిషనర్ వద్దే జమ చేయాల్సి ఉండేది. నెల దాటితే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే సగం దాకా జరిమానా అదనంగా పడేవి. కాంట్రాక్టరు తప్పించుకున్నా పని చేయించుకున్న అసలు సంస్థ నుంచి రాబట్టుకునే వీలుండేది. సొమ్ము జమ చేయనిదే యజమాని హైకోర్టుకు అప్పీలుకు వెళ్లే వీలుండేది కాదు. పేదవాడి పక్షాన ఇంత గట్టిగా నిలబడిన చట్టాలు తక్కువ.

లెక్క ఎలా కడతారో చూద్దాం. నెలకు 9,000 రూపాయల కూలి వచ్చే 30 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే, కూలిలో సగాన్ని, అంటే 4,500ను, ఆ వయసుకు నిర్ణయించిన 207.98తో హెచ్చవేస్తారు. వచ్చేది 9,35,910 రూపాయలు.

1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, 1960ల్లో కొండలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వంటి పనులు ఈ చట్టం కిందికి వచ్చేవే. కాఫీ తోటల దగ్గరే చిక్కు. కూలీలను పెట్టుకున్న కాఫీ ఎస్టేటుకు చట్టం వర్తించేది. కానీ ఎకరం, రెండెకరాల గిరిజన రైతు తన సొంత కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు పాకించిన మిరియాల తీగ నుంచి గుత్తులు కోస్తూ జారిపడితే ఎవరిని అడగాలి? 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టమూ అక్కరకు రాలేదు. అందులో వైద్య ఖర్చులో ఎనిమిదో వంతు రాష్ట్రమే భరించేది. అయినా కాఫీ తయారీ మాత్రమే చేసే కర్మాగారాలను సీజనల్ కర్మాగారాలుగా లెక్కగట్టి దాని పరిధి నుంచి తప్పించారు.

యజమాని లేనివారి కోసం రాష్ట్రం బీమా బాట పట్టింది. 2007 నాటి ఆమ్ ఆద్మీ బీమా యోజనలో భూమిలేని గ్రామీణ కుటుంబానికి ఏడాది ప్రీమియం 200 రూపాయలు. అందులో 100 కేంద్రానిది, 100 రాష్ట్రానిది. ప్రమాదంలో మరణిస్తే 75,000 ఇచ్చేవారు. అదే ఏడాది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి నిధి నిర్మాణ వ్యయంపై వసూలు చేసే ఒక శాతం సెస్సు. 2016 అక్టోబరు 2న మొదలైన చంద్రన్న బీమా ప్రమాద మరణానికి 5 లక్షలు ప్రకటించింది. 2020లో కేంద్రం తన వాటా ఆపేయడంతో, ఆ అక్టోబరులో వైఎస్ఆర్ బీమాను రాష్ట్రం పూర్తిగా తన డబ్బుతోనే మొదలుపెట్టింది. 2021 జూలై నుంచి, 50 ఏళ్లలోపు కుటుంబ పెద్ద సహజంగా మరణిస్తే లక్ష రూపాయలు ప్రభుత్వమే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది.

ఇది మంచి మార్పే. కానీ రెండు మొత్తాలను పక్కపక్కన పెట్టి చూడండి: యజమాని ఉన్నవాడి కుటుంబానికి తొమ్మిది లక్షల పైచిలుకు, లేనివాడి కుటుంబానికి ఐదు. ఆ ఐదూ కాగితాలు కుదిరితేనే. ప్రమాద బీమాకు ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక కావాలి. రోడ్డు లేని గూడెం నుంచి శవాన్ని డోలీలో మోసుకొచ్చి, వాహనం ఎక్కించి ఆసుపత్రికి చేర్చితే గానీ ఆ నివేదిక రాదు. చాలా ఇళ్లలో ఈలోపే అంత్యక్రియలు అయిపోతాయి. మైదానం కోసం రాసిన నిబంధనను కొండకు అలాగే వర్తింపజేయడం అన్యాయం.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో 1923 చట్టం కలిసిపోయింది. పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదానికీ ఇప్పుడు పరిహారం అడగవచ్చు. అసంఘటిత కార్మికులకు పనిలో గాయమైతే పరిహారం ఇచ్చే పథకాలను రూపొందించే బాధ్యతను స్మృతి రాష్ట్రాలపైనే ఉంచింది. అందుకయ్యే ఖర్చును రాష్ట్రం పూర్తిగా భరించవచ్చు, లేదా లబ్ధిదారులతో పంచుకోవచ్చు.