పరిశోధన పత్రికల్లో గ్రంథచౌర్యం, ద్వంద్వ ప్రచురణ: నివారణ

ఇతరుల మాటలు, ఆలోచనలు, దత్తాంశం, బొమ్మలు ఎక్కడివో చెప్పకుండా సొంతవిగా చూపడం గ్రంథచౌర్యం. ఒకసారి వెలువడిన పరిశోధననే, ఆ సంగతి దాచి, మరో పత్రికలో అచ్చువేయించుకోవడం ద్వంద్వ ప్రచురణ. ఒకే అధ్యయనాన్ని ముక్కలుచేసి నాలుగైదు వ్యాసాలుగా చూపించడమూ దీనికి దగ్గరి చుట్టమే. చౌర్యంలో నష్టపోయేది అసలు రచయిత. మరి తన వ్యాసాన్ని తానే మళ్లీ వేసుకుంటే నష్టం ఎవరికి?

దీనికి గట్టి జవాబు వైద్యరంగం నుంచి వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత వచ్చే వాంతులను ఆపే ఆండాన్‌సెట్రాన్ మందుపై వెలువడిన ప్రయోగ నివేదికలను మార్టిన్ ట్రామెర్ బృందం పరిశీలించి, 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించింది. నివేదికల్లో 17 శాతం నకళ్లని, రోగుల దత్తాంశంలో 28 శాతం ఒకటికంటే ఎక్కువసార్లు అచ్చయిందని తేలింది. పైగా, మందు బాగా పనిచేసిందని చెప్పిన ప్రయోగాలే ఎక్కువగా మళ్లీ అచ్చయ్యాయి. నకళ్లను కూడా కలిపి లెక్కగడితే మందు ప్రభావం ఉన్నదానికంటే 23 శాతం ఎక్కువగా కనిపించింది. అలాంటి లెక్కల ఆధారంగానే వైద్యులు మందు రాస్తారు.

నివారణ రచయిత దగ్గరే మొదలవుతుంది. వ్యాసం వేరెక్కడా అచ్చుకాలేదని, మరో పత్రిక పరిశీలనలో లేదని పత్రికలు ముందే హామీ తీసుకుంటాయి. అయితే మళ్లీ అచ్చువేయడం ప్రతిసారీ తప్పేమీ కాదు. ఇంగ్లిష్‌లో వచ్చిన వైద్య వ్యాసాన్ని తెలుగు పాఠకుల కోసం ప్రచురించదలిస్తే, రెండు పత్రికల సంపాదకుల అనుమతి తీసుకుని, మొదటి ప్రచురణను స్పష్టంగా పేర్కొంటే చాలు. దాచడమే దోషం.

పత్రికల వైపు ప్రధాన సాధనం సాఫ్ట్‌వేర్. క్రాస్‌రెఫ్ సంస్థ 2008లో ప్రారంభించిన సేవ ద్వారా ప్రచురణకర్తలు ఐథెంటికేట్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొత్త వ్యాసాన్ని పాతవాటితో పోల్చి చూస్తున్నారు. అది చూపేది పోలికల శాతాన్నే. దొంగతనమా కాదా అన్నది సంపాదకుడు చదివి తేల్చాల్సిందే. పద్ధతుల విభాగంలో మాటలు కలవడం సహజం. అనువదించి ఎత్తేసిన పేరా, ఎక్కడినుంచో తెచ్చి తిప్పి అతికించిన సూక్ష్మదర్శిని చిత్రం మాత్రం ఆ శాతానికి అందకుండా తప్పించుకోగలవు.

భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10–40, 40–60, 60 పైన అన్న మూడు అంచెల్లో శిక్ష పెరుగుతుంది. సిద్ధాంత గ్రంథంలో పోలిక 60 శాతం దాటితే పరిశోధకుడి రిజిస్ట్రేషన్ రద్దు. ప్రచురిత వ్యాసంలో దాటితే వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలి, రెండు వార్షిక ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్లు కొత్త పరిశోధకులకు మార్గదర్శకుడిగా ఉండే వీలుండదు. శాతాన్ని బట్టి శిక్ష వేయడం అమలుకు సులువే గాని, ఎత్తేసిన ఒక్క మూలభావం వంద పేరాలకంటే బరువైనదన్న సంగతి అందులో ఇమడదు. 2020లో యూజీసీ, సొంత పాత రచననే ఆ సంగతి చెప్పకుండా మళ్లీ వాడుకునే స్వీయచౌర్యాన్నీ ప్రస్తావించి, నియామకాల్లో, పదోన్నతుల్లో దాన్ని పరిశీలించాలని సూచించింది.

అనుమానం వస్తే ముందు రచయితను వివరణ అడగాలని, తృప్తికరంగా లేకపోతే ఆయన సంస్థకు తెలపాలని 1997లో బ్రిటన్‌లో మొదలైన ప్రచురణ నైతికత సంఘం ‘కోప్’ సూచిస్తుంది. నేరం రుజువైన వ్యాసాన్ని చెరిపేయరు. ఉపసంహరించినట్టు ముద్రవేసి, కారణం ప్రకటిస్తారు. ద్వంద్వ ప్రచురణలో సాధారణంగా తర్వాత వచ్చిన వ్యాసాన్నే ఉపసంహరిస్తారు, మొదటిది నిలుస్తుంది.