కథాప్రధానములైన లఘు వీడియో గేములు

గెలుపోటములకంటె కథకును, హస్తలాఘవముకంటె పాత్రల మనోగతికిని ప్రాధాన్యమిచ్చి, అర్ధగంట మొదలు మూడు నాలుగు గంటలలో, అనగా ఒక్క పర్యాయము కూర్చుండి ముగింపదగిన వీడియో గేములు ఈ కోవకు చెందును.

వీని మూలము ప్రాచీనమే. 1976లో విలియమ్ క్రౌథర్ రచింపగా, మరుసటి యేట డాన్ వుడ్స్ పెంపొందించిన ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’, చిత్రమొక్కటియు లేక, వట్టి వాక్యములతోనే గుహాసంచారమును కల్పించి, ఆటగాని మాటకు కథ బదులు పలుకగలదని చూపెను. తరువాతి దశాబ్దములలో గేములు విస్తారమై, కథ పెక్కింట పోరాటముల నడిమి విరామముగా మిగిలెను. 2008లో ప్రయోగముగా వెలువడి 2012లో విక్రయమునకు వచ్చిన ‘డియర్ ఎస్తర్’ నిర్జనద్వీపమున నడచుచు లేఖాశకలములను వినుటనే ఆటగా జేసెను. 2013 నాటి ‘గాన్ హోమ్’లో శత్రువు లేడు, కుటుంబమువా రెవ్వరును లేని యింటిలో వస్తువులను పరిశీలించి వారి గాథను తెలిసికొనుటయే కార్యము.

మన హైదరాబాదులోని ఉప్పల్, నాచారము ప్రాంతములలో వీడియో గేము చాలకాలము ఇంటర్నెట్ సెంటరులో గంట కింత యని చెల్లించి యాడునదిగా నుండెను. అట్టిచోట కాల్పులాటలును పరుగుపందెములును రాణించుట సహజము. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకయై, 2017 నవంబరులో నాగోలు–అమీర్‌పేట మెట్రో నడువ నారంభించి, 2019లో ఆ మార్గము రాయదుర్గము దనుక సాగగా, చేతిలో ఫోనును, ఎదుట దాదాపు గంటసేపు ప్రయాణమును గల పాఠకుని వంటి ఆటగానికి అవకాశ మేర్పడెను.

అట్టివానికి తగిన కృతి ‘ఫ్లోరెన్స్’. మెల్‌బోర్నులోని మౌంటెన్స్ సంస్థలో కెన్ వాంగ్ రూపకల్పనము గావించిన యీ గేము 2018 ఫిబ్రవరి 14న వెలువడెను. ఫ్లోరెన్స్ యను యువతియు, సెల్లో వాయించు క్రిష్ అను భారతీయ సంతతి యువకుడును ప్రేమించి, ఒకే యింట నివసించి, విడిపోవుటయే ఇతివృత్తము. తొలి కలయికలో ఆమె పలుకవలసిన మాటకై ఆటగాడు అనేక ఖండములను పొదిగి కూర్పవలెను. చనువు పెరిగినకొలది ఆ ఖండములు తగ్గుచు వచ్చును. కలహము పుట్టినపుడు అవియే వాడిమొనలు దేరి తొందరపెట్టును. ప్రేమలో మాట సులభమగుటను వర్ణించుట కవులు చిరకాలముగా చేసినదే. దానిని వ్రేళ్లకు అనుభూతము చేయుట ఈ ప్రక్రియ సాధించిన విశేషము. ‘చందమామ’ బేతాళ కథలు చివర ప్రశ్న వేసి పాఠకుని నిలిపినట్లు, ఈ గేములు అడుగడుగునను ఆటగానిని నిలిపి కథలో పాలుగొనజేయును.

2017 నాటి ‘వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్’లోని చేపల కర్మాగార ఘట్టము నా దృష్టిలో ఈ కళకు పరాకాష్ఠ. ఒక చేత చేపల తలలు నఱకుచునే, రెండవ చేత ఆ శ్రామికుని మనోరాజ్యమున సంచరింపవలెను. క్రమముగా ఊహ దృశ్యమును కమ్ముకొనినను, నఱకు చేయి మాత్ర మాగదు. నాచారము పారిశ్రామికవాడలో షిఫ్టుపని యెఱిగినవారి కీ ఘట్టమునకు వ్యాఖ్యాన మక్కఱలేదు.

మన వంటింటి కత్యంత సమీపమునకు వచ్చినది ‘వెణ్బా’. టొరంటోలోని విసై గేమ్స్ సంస్థ 2023లో వెలువరించిన యీ గేములో, కెనడాకు వలసవోయిన తమిళ తల్లి చెదరిన వంటపుస్తకములో చెఱిగిపోయిన భాగములను ఆటగాడు తానూహించి ఇడ్లీ మొదలగు వంటకములను సిద్ధపఱుపవలెను. తల్లిభాషకు దూరమగుచున్న కుమారుని గాథ ఆ వంటలతోనే పెనవేసికొని సాగును. గంటన్నర మాత్రమే నిడివి గల యీ కృతి 2024లో బాఫ్టా వారి తొలి గేము పురస్కారమును పొందెను. తెలుగు తల్లుల వలసగాథలును ఈ రూపమున కెంతయు తగియున్నవి.

వెచ్చించిన రూపాయికి ఎన్ని గంటల యాటయని లెక్కించు అలవాటు ఈ గేములకు గొప్ప యాటంకము. 2015 నుండి స్టీమ్ విపణి, కొన్న పదునాలుగు దినములలో, రెండు గంటలకు మించి యాడని గేమునకు వెల తిరిగి యిచ్చుచున్నది. కొనుగోలుదారున కిది న్యాయమైన రక్షణమే కాని, తుదివఱకు ఆడి మెచ్చినవాడు సైతము వెల తిరిగి పొందగలడు. కాగా, రెండు గంటలలోపు కథ చెప్పదలచిన చిన్న సంస్థలు ఆ నష్టమును భరింపవలసివచ్చుచున్నది.