ప్లేటు నోట్లో ఎన్ని గంటలు? పళ్ల వైద్యంలో పిల్లల సాక్ష్యం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పళ్ల క్లినిక్కుల్లో ఎత్తుపళ్లకు తీసి పెట్టుకునే ప్లేటు ఇచ్చిన రోజున సాధారణంగా వినిపించే ఆదేశం ఒకటే. తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప ప్లేటు నోట్లోనే ఉండాలి. నెల తిరిగాక అడిగే ప్రశ్నా ఒకటే: ‘‘రోజూ పెట్టుకుంటున్నావా నాన్నా?’’ పిల్లవాడు తలూపుతాడు. ‘‘రాత్రిళ్లయితే పెట్టుకుంటాడండీ’’ అని తల్లి సర్దుబాటుగా అంటుంది. ఈ రెండు వాంగ్మూలాలనూ ఎంతవరకు నమ్మవచ్చో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

అనుమానం కొత్తది కాదు. తల వెనక పట్టీతో బిగించే హెడ్‌గేర్‌కు గంటలు లెక్కించే పరికరాన్ని అమర్చవచ్చని నార్త్‌కట్ 1974లోనే రాశాడు. 2017లో అల్ మొగ్రాబీ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి తూకం వేసింది. వారి లెక్కలో హెడ్‌గేర్ వాడేవారు తాము పెట్టుకున్నామని చెప్పిన సమయానికీ, పరికరం నమోదు చేసిన సమయానికీ మధ్య రోజుకు సగటున 5 గంటల తేడా ఉంది. మిగతా పరికరాల్లో తేడా ఇంతకంటే తక్కువే అయినా, అన్నింటిలోనూ చెప్పిందే ఎక్కువ, పెట్టుకున్నది తక్కువ. దీన్ని అబద్ధం అనడం తొందరపాటు కావచ్చు. పొద్దున తీసి సాయంత్రం పెట్టుకున్నవాడికి మధ్యలో గడిచిన గంటలు గుర్తుండకపోవడం పెద్దల్లోనూ ఉన్నదే.

తర్వాత యాక్రిలిక్‌లోనే ఇమిడే చిన్న సెన్సర్లు వచ్చాయి. ఆస్ట్రియాలో తయారైన థెరామాన్ అలాంటిదే. అది ప్రతి 15 నిమిషాలకు ఒకసారి ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది. నోటి వేడి కనిపిస్తే ప్లేటు నోట్లో ఉన్నట్టు, గది వేడి కనిపిస్తే డబ్బాలో ఉన్నట్టు లెక్క. ఈ సెన్సర్లతో 141 మందిని పరిశీలించి షేఫర్ బృందం 2015లో ప్రకటించిన అంకెలు గమనించదగ్గవి. రోజుకు 15 గంటలు పెట్టుకోమంటే మధ్యస్థంగా తేలినది 9.7 గంటలు. వయసుల వారీగా చూస్తే 7–9 ఏళ్ల వారిలో 12.1, 10–12లో 9.8, 13–15లో 8.5. చిక్కంతా ఇక్కడే ఉంది. దవడ ఎదుగుదలను వాడుకునే ట్విన్ బ్లాక్ లాంటి ప్లేట్లను ఎక్కువగా ఇచ్చేది పిల్లలు ఏపుగా ఎదిగే పది, పద్నాలుగేళ్ల మధ్య. ప్లేటు బాగా పనిచేసే వయసు, పిల్లలు దాన్ని పక్కన పడేసే వయసు దాదాపు ఒకటే అవుతున్నాయి.

ఇంతకీ ‘రోజంతా’ అన్న నియమం ఎక్కడిది? దీనికి రెండు మూలాలు కనిపిస్తాయి, రెండూ ఒక మాట చెప్పవు. 1908 ప్రాంతంలో డెన్మార్క్ వైద్యుడు ఆండ్రేసన్ వేసవి సెలవులకు వెళ్తున్న తన కూతురికి రాత్రిళ్లు పెట్టుకొమ్మని ఒక ప్లేటు ఇచ్చాడనీ, ఫలితం ఆయన ఊహించినదాని కంటే బాగుందనీ ఈ శాఖ చరిత్ర చెబుతుంది. అంటే ఈ జాతి ప్లేట్లు రాత్రి వాడకంతోనే మొదలయ్యాయి. స్కాట్లండ్‌కు చెందిన విలియం క్లార్క్ 1977లో రూపొందించిన ట్విన్ బ్లాక్ మాత్రం మాట్లాడుతూ, తింటూ కూడా ఉంచుకోవచ్చన్న ఉద్దేశంతో రెండు ముక్కలుగా తయారైంది. రోజంతా పెట్టుకోవడానికి వీలుంది అన్నది క్రమంగా రోజంతా పెట్టుకోవాలి అన్న ఆజ్ఞగా స్థిరపడి ఉండవచ్చు. ఇది ఊహే, కానీ నిరాధారం కాదు.

ఆ ఆజ్ఞను నేరుగా పరీక్షించిన ప్రయోగం 2019లో వచ్చింది. పారేఖ్ బృందం 62 మంది పిల్లలను రెండు గుంపులు చేసింది. ఒక గుంపును ట్విన్ బ్లాక్ రోజుకు 22 గంటలు, రెండో గుంపును 12 గంటలు పెట్టుకొమ్మంది. సెన్సర్ ప్రకారం మొదటివారు సగటున 12.38 గంటలు, రెండోవారు 8.78 గంటలు పెట్టుకున్నారు. పళ్లలో, దవడలో వచ్చిన మార్పులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క ప్రయోగం మీద తీర్పు చెప్పలేం. అయినా 22 అని చెబితే 12 దక్కడం, 12 అని చెబితే తొమ్మిదికి దగ్గరగా దక్కడం చూస్తే, రెండో ఆదేశమే వాస్తవానికి దగ్గరగా ఉన్నట్టుంది.

ఈ అంకెలను సైబరాబాద్‌కు అన్వయించే ముందు కొన్ని మినహాయింపులు అవసరం.

1. పైన చెప్పిన రెండు సెన్సర్ అధ్యయనాలూ ఐరోపా పిల్లల లెక్కలు. అక్కడి బడి వేళలు, తిండి అలవాట్లు వేరు.

2. ఉష్ణోగ్రతతో పనిచేసే సెన్సర్‌కు హైదరాబాద్ ఎండాకాలం ఒక పరీక్ష. మే నెలలో బయట 40 డిగ్రీల చుట్టూ ఉన్నప్పుడు ఏసీ లేని గదిలోనో, స్కూటీ డిక్కీలోనో ఉన్న ప్లేటు నోటి వేడికి దగ్గరగా వెచ్చబడవచ్చు. అప్పుడు డబ్బాలో గడిచిన మధ్యాహ్నం కూడా వాడకం కింద చేరే అవకాశం ఉంది. గ్రాఫులో గీత గది వేడితో పాటు మెల్లగా ఎక్కి మెల్లగా దిగిందా అని చూస్తే కొంత తేలవచ్చు. ఏదేమైనా ఏప్రిల్, మే లెక్కలను జనవరి లెక్కలతో సమానంగా నమ్మడం క్షేమం కాదు.

3. సాక్షి ఎవరన్నది మూడో చిక్కు. నాలుగింటికి బస్సు దిగిన పిల్లవాడిని చూసేది చాలా ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో. తల్లిదండ్రులు ఆఫీసు నుంచి వచ్చినా అమెరికా వేళల కాల్స్‌లో ఉండవచ్చు. వాళ్ల వాంగ్మూలం రాత్రికే పరిమితం.

సెన్సర్ లేని చోట ప్లేటే కొంత సాక్ష్యం చెబుతుంది. బాగా వాడేవాడి అంగిలి మీద ప్లేటు అంచు ఒత్తిన గీత సన్నగా కనిపిస్తుంది. ‘స’, ‘శ’ పలికేటప్పుడు మొదటి వారంలో ఉన్న తడబాటు పోతుంది. లిఫ్టులో జేబులోంచి తీసి తగిలించుకొచ్చిన పిల్లవాడికి ఆ తడబాటు అలాగే ఉంటుంది, ప్లేటు మొదటి రోజంత మెరుస్తూ ఉంటుంది. ఇవి సూచనలే తప్ప రుజువులు కావు.

పోనీ, తీయడానికి వీల్లేని పరికరమే బిగిస్తే? 2003లో బ్రిటన్‌లో ఓబ్రయన్ బృందం 215 మంది మీద చేసిన పరీక్షలో ట్విన్ బ్లాక్‌ను మధ్యలో వదిలేసినవారు 33.6 శాతం, పళ్లకు అతికించే హెర్బ్‌స్ట్‌ను వదిలేసినవారు 12.9 శాతం. తేడా పెద్దదే. అయితే మానేసినవారి సంఖ్య, వాడినవారి గంటలు ఒకే కొలత కావు. హెర్బ్‌స్ట్ విరిగినప్పుడల్లా క్లినిక్కు చుట్టూ తిరగాల్సి వస్తుందన్నది కూడా మరవరాదు.

కాబట్టి ట్విన్ బ్లాక్ వరకు, వైద్యుడు ఒప్పుకుంటే, బడి వేళను వదిలేసి మిగతాది కచ్చితంగా అడగటం సమంజసమనిపిస్తుంది. పారదర్శక అలైనర్లకు ఈ మాట వర్తించదు. రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం తిని తోముకుని ప్లేటు పెట్టుకుని, పొద్దున ఏడుంబావుకు బస్సెక్కే ముందు తీస్తే 10 గంటల 45 నిమిషాలు. టిఫిన్‌కు పావుగంట తీసేసినా, 2019 ప్రయోగంలో 12 గంటల గుంపు పిల్లలు నిజంగా పెట్టుకున్నదాని కంటే ఇది గంటన్నరకు పైగా ఎక్కువ.