ఫిల్ము అంచున నిలిచిన మాట

అనంతపురమునకు దక్షిణమున, బెంగుళూరు పోవు రాజమార్గముపై రాప్తాడు ఉన్నది. వాన తక్కువైన మెట్టనేల. వేరుసెనగయే ముఖ్యమైన పంట. ఇట్టి సీమలో చదువుకొన్నవారు కొద్దిమందియే యున్న దినములలో కథ యనునది చెవి ద్వారానే ప్రజలను చేరెడిది. హరికథ, తోలుబొమ్మలాట, వీథినాటకము ఆ పని చేసినవి. తరువాత వాటి సరసన చలనచిత్ర సంభాషణయు చేరినది. నటుని మాట ఊరూర ఒకే తీరున వినబడుటకు విజ్ఞానశాస్త్రము ఎట్లు తోడ్పడినదో చూతము.

దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ప్రదర్శించిన ‘రాజా హరిశ్చంద్ర’లో పాత్రలకు గొంతు లేదు. మాటలను దృశ్యముల నడుమ అక్షరములలో చూపెడివారు. చదువురాని ప్రేక్షకునకు అవి కేవలము గీతలే. 1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలయ్యెను. మరుసటి యేడు హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ తెలుగులో మాటలాడెను.

ఫిల్ముపై మాట ఎట్లు నిలుచును? మైక్రోఫోను ధ్వనిని విద్యుత్ప్రవాహముగా మార్చును. ఆ ప్రవాహపు హెచ్చుతగ్గులను బట్టి వెలుగు మారి, ఫిల్ము అంచున సన్నని చారగా అచ్చుపడును. ప్రదర్శన యంత్రములోని దీపకాంతి ఆ చార గుండా పోయి ఫోటోసెల్‌పై పడును. అచ్చట వెలుగు మరల విద్యుత్తుగాను, లౌడ్‌స్పీకరులో మాటగాను మారును. సెకనుకు 24 బొమ్మలు నడచును. బొమ్మ కటకము ఎదుట క్షణకాలము ఆగవలెను; ధ్వనికై ఫిల్ము ఆగక సాగవలెను. ఈ రెండు పనులు ఒకే చోట సాధ్యము కావు. అందుచే 35 మి.మీ. ఫిల్ములో మాటను దాని బొమ్మకంటె సుమారు 20 బొమ్మలు ముందుగా ముద్రించెడివారు.

ఈ చరిత్రలో అనంతపురము జిల్లాకు గట్టి పాలు కలదు. తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్ళారి రాఘవ, రంగస్థలముపై రాగాలాపనకంటె సహజమైన వచనమునకు ప్రాధాన్యమిచ్చెను. 1939లో ‘రైతుబిడ్డ’ చిత్రమునను నటించెను. ఆ తాడిపత్రివాడే దర్శకుడు కె. వి. రెడ్డి. ఆయన సంభాషణలను స్టాప్‌వాచితో కొలిచి, చిత్రపు నిడివిని ముందుగానే నిర్ణయించెడివాడు. నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము నడచును గనుక వ్యర్థమైన మాట వ్యర్థమైన ఫిల్మే.

ఆయన చిత్రములైన ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957)లకు మాటలు వ్రాసినవాడు పింగళి నాగేంద్రరావు. ‘డింభకా’, ‘వీరతాడు’ వంటి పదములు ఇంటింటి మాటలైనవి. సంస్కృతములోని ‘అస్మదీయులు’ అను మాటను సాగదీసి ‘అసమదీయులు’ అనియు, దానికి ఎదురుగా ‘తసమదీయులు’ అనియు ఆయన కల్పించెను. వ్యాకరణము చదువని వారికిని అర్థము తోచుటయే ఆ కల్పనలోని గొప్పతనము. డేరాలలో ఆడిన టూరింగు టాకీసులు ఇట్టి మాటలను పల్లెలకు మోసుకొనిపోయినవి.

ఐనను ఒక లోటు మిగిలినది. వెండితెర మాట రాప్తాటి సీమకు వచ్చినది గాని, రాప్తాటి సీమ మాట వెండితెరకు పోవుట చాలకాలము అరుదాయెను. 1990ల చివర సీమ యాస విరివిగా వినబడినప్పుడు అది తరచు కక్షల కథలకే ముడివడెను. వేరుసెనగను ‘శెనక్కాయ’ అనుచు, మబ్బు కొరకు ఎదురుచూచు రైతు పలుకు అందులో కొంతయే.

నేడు ధ్వనిని నిలుపుటకు ఫిల్ము అంచు అక్కరలేదు. చేతిలోని ఫోను చాలును. విద్యార్థులు తమ ఊరి పెద్దల మాటలను, సామెతలను, సేద్యపు పదములను దానిలో భద్రపరచవచ్చును. ఉపాధ్యాయులు ఇందుకు పూనుకొన్నచో, రేపటి సంభాషణా రచయితకు ఈ నేల పలుకు సిద్ధముగా దొరకును.