పడకలు తగ్గించుకున్న నగరం

1967 డిసెంబరు 6న ఫిన్లాండ్ స్వతంత్రమై యాభై ఏళ్లు నిండాయి. ఏటా ఆ సాయంత్రం హెల్సింకీలో ఇంటింటి కిటికీలోనూ కొవ్వొత్తులు వెలుగుతాయి. దేశాధ్యక్షుడు తన భవనంలో ప్రముఖులకు విందు ఇస్తాడు. ఆ ఏడు మాత్రం ఊరి నడిబొడ్డున ఉన్న పాత విద్యార్థి భవనంలో ఇంకో వేడుక కూడా జరిగింది. కొవ్వొత్తి పెట్టుకోవడానికి సొంత కిటికీ లేనివాళ్లు అక్కడి అతిథులు. వాళ్లను పిలిచింది 'నవంబరు ఉద్యమం' అనే యువజన బృందం. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు ఇల్కా తైపలే. వైద్యం చదివిన ఆ యువకుడు తర్వాతి కాలంలో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

వేడుక వెనక కోపం ఉంది. హెల్సింకీ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి దిగిపోవడం వింతేమీ కాదు. అలాంటి రాత్రులు ఆరుబయట పడుకున్న మగవాళ్లు తెల్లారేసరికి లేచేవారు కాదు. చట్టం వాళ్లను ఆదుకోవలసినవాళ్లుగా చూడలేదు, అదుపులో పెట్టవలసినవాళ్లుగా చూసింది. 1936 నాటి దేశదిమ్మరుల చట్టం కింద ఇల్లూ పనీ లేకుండా తిరిగేవాళ్లను పట్టుకుని నిఘాలో పెట్టవచ్చు, శ్రమశాలకూ పంపవచ్చు.

ఇళ్లు కట్టడం చేతకాని దేశమేం కాదది. రెండో ప్రపంచ యుద్ధంలో కరేలియా ప్రాంతాన్ని సోవియట్ యూనియన్‌కు వదులుకోవలసి వచ్చినప్పుడు నాలుగు లక్షలకు పైగా జనం కట్టుబట్టలతో ఇవతలికి వచ్చేశారు. 1945లో భూసేకరణ చట్టం చేసి వాళ్లకూ, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకూ ప్రభుత్వం భూములు పంచింది. ఒకే నమూనాలో కట్టిన ఆ కాలపు చెక్క ఇళ్లు ఇప్పటికీ ఫిన్లాండ్ ఊళ్లలో వరసలుగా కనిపిస్తాయి. 1949 నుంచి 'అరవా' పేరుతో ఇళ్లకు ప్రభుత్వ రుణాలు మొదలయ్యాయి. అయితే ఈ ఏర్పాట్లన్నీ ముఖ్యంగా సంసారులను దృష్టిలో పెట్టుకున్నవి. పెళ్లాం పిల్లలు లేని మగవాడు, అడవి కొట్టుడు పనులు అయిపోయి పట్నం చేరిన కూలీ ఈ లెక్కలోకి సరిగా రాలేదు. యుద్ధం ముగిశాక అలాంటివాళ్లు ఏళ్ల తరబడి హెల్సింకీ బాంబు షెల్టర్లలోనే తలదాచుకున్నారు.

1967లో నగరం చేసిన ఏర్పాటు కూడా ఆ ధోరణిలోదే. రువోహొలహ్తి రేవు ప్రాంతంలో ఒక పాత రంగుల గోదాము ఉండేది. దాన్ని నిరాశ్రయ మద్యపానుల రాత్రి బసగా మార్చారు. జనం దానికి 'లెపాక్కో' అని పేరు పెట్టారు, అంటే గబ్బిలం. పన్నెండేళ్ల పాటు వందల మంది మగవాళ్లు రాత్రిళ్లు అక్కడ గడిపారు. 1979లో బస మూతపడగానే సంగీతం పిచ్చి ఉన్న కుర్రకారు ఆ ఖాళీ గోదామును ఆక్రమించుకున్నారు. దరిమిలా అది రాక్ సంగీతానికి అడ్డా అయింది, 1985లో 'రేడియో సిటీ' అక్కడే పుట్టింది. 1999లో కూల్చేశారు. ఇప్పుడు ఆ చోట ఆఫీసు భవనాలున్నాయి. ఫిన్లాండ్‌లో లెపాక్కో అంటే చాలామందికి సంగీతమే గుర్తొస్తుంది.

లెపాక్కో మూతపడినా అలాంటి బసలు ఇంకా ఎన్నో మిగిలాయి. 1985లో హెల్సింకీ రాత్రి బసల్లో, సామూహిక వసతి గృహాల్లో మొత్తం 2,121 పడకలుండేవి. ఒక గదిలో పలువురు, ఉమ్మడి స్నానాల గది, రాత్రి ఫలానా వేళకల్లా లోపలికి రావాలన్న నియమం. తాగి వస్తే గెంటేసేవారు.

ఈ వసతుల వెనక ఓ నిచ్చెన లెక్క ఉండేది. ముందు రాత్రి బస, అక్కడ బుద్ధిగా ఉంటే వసతి గృహం, తాగుడు మానితే పర్యవేక్షణలో ఒక గది, అన్నీ నెగ్గితే చివరి మెట్టు మీద సొంత అద్దె ఇల్లు. ఎక్కడ కాలు జారినా మళ్లీ మొదటికి. పదిమంది తాగే గదిలో పడుకుని తాగుడు మానడం ఎంత కష్టమో అక్కడ పనిచేసే సిబ్బందికి తెలుసు. ఏళ్లు గడిచినా పై మెట్టు చేరినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లకు ఆ పడకే శాశ్వత చిరునామా అయిపోయింది.

మార్పు ఇళ్ల కొనుగోళ్లతో మొదలైంది. 1985లో హెల్సింకీ, ఎస్పో, వంటా, తంపెరె, తుర్కు నగరాలు, ఫిన్లాండ్ రెడ్‌క్రాస్, చర్చి, నిర్మాణ రంగ సంఘాలు కలిసి 'వై-ఫౌండేషన్' స్థాపించాయి. దేశంలో మద్యం అమ్మే ప్రభుత్వ సంస్థ 'ఆల్కో' కూడా వాటాదారే. ఫౌండేషన్ పని తీరు సాదాసీదాగా ఉండేది. మామూలు అపార్టుమెంట్లలో అమ్మకానికి వచ్చిన చిన్న ఫ్లాట్లను ఇక్కడొకటి, అక్కడొకటి చొప్పున కొనడం, వాటిని ఒంటరి నిరాశ్రయులకు అద్దెకివ్వడం. జూదపు యంత్రాల ఆదాయాన్ని సేవా సంస్థలకు పంచే 'రే' అనే సంఘం కొనుగోలు ధరలో సగం దాకా గ్రాంటుగా ఇచ్చేది. మిగతాది బ్యాంకు రుణం, అద్దెలతో తీర్చాలి. పేదల కాలనీ అంటూ ఒకటి విడిగా కట్టలేదు కాబట్టి మెట్ల మీద ఎదురైన మనిషి నిన్నటిదాకా ఎక్కడ పడుకున్నాడో పక్కింటివాళ్లకు తెలిసే వీలు లేదు.

1987ను ఐక్యరాజ్య సమితి నిరాశ్రయుల ఆవాస సంవత్సరంగా ప్రకటించింది. ఫిన్లాండ్‌లో ఆ ఏడాదితోనే దేశదిమ్మరుల చట్టం చెల్లిపోయింది. నిరాశ్రయులను ఏటా లెక్కించే పద్ధతి కూడా అప్పుడే మొదలైంది. తొలి లెక్కలో దాదాపు 18 వేల మంది తేలారు. వీధిలో ఉన్నవాళ్లతో ఆ లెక్క ఆగదు. చోటు లేక స్నేహితుల ఇళ్లలో, బంధువుల ఇళ్లలో సర్దుకుంటున్నవాళ్లను కూడా కలుపుతుంది. ఇలా లెక్కిస్తే ఏ దేశానికైనా అంకె పెద్దదే అవుతుంది, ఫిన్లాండ్ దాన్ని దాచలేదు. అంతకు ఏడాది ముందే నిరాశ్రయులు తామే ఒక సంఘం పెట్టుకున్నారు. 'స్థిర నివాసం లేనివాళ్లం' అని అర్థం వచ్చే పేరున్న ఆ సంఘం తర్వాతి విధానాలన్నింటిలో గొంతు వినిపిస్తూ వచ్చింది.

1990ల ఆరంభంలో సోవియట్ యూనియన్ కూలింది, ఫిన్లాండ్ బ్యాంకులు సంక్షోభంలో పడ్డాయి, ఇళ్ల ధరలు పడిపోయాయి. ఇల్లు కొనదలచినవాడికి అది మంచి అదను. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి నిరాశ్రయుల సంఖ్య 10 వేల చేరువకు దిగింది. తర్వాత తగ్గుదల మందగించింది. తాగుడు, మాదకద్రవ్యాలు, మానసిక జబ్బు, అప్పులు అన్నీ కలగలిసి ఏళ్ల తరబడి బసల్లోనే ఉండిపోయినవాళ్లు వేలల్లో మిగిలారు. విడి ఫ్లాట్లు తేలిగ్గా కుదిరినవాళ్లకు కుదిరాయి. నిచ్చెన కింద ఉన్నవాళ్లు కిందే ఉన్నారు.

2007లో గృహవసతి మంత్రి యాన్ వపావూరి హయాంలో నలుగురు పెద్దలతో ఒక బృందం కూర్చుంది. హెల్సింకీ సామాజిక సేవల అధిపతి, వై-ఫౌండేషన్ అధిపతి, హెల్సింకీ బిషప్ ఏరో హువోవినెన్, నాలుగోవాడు నలభై ఏళ్ల కిందట స్వాతంత్ర్య దిన వేడుకకు నిరాశ్రయులను పిలిచిన ఇల్కా తైపలే. బృందానికి కార్యదర్శిగా ఉన్న యుహా కాకినెన్ తర్వాత వై-ఫౌండేషన్‌కే సారథి అయ్యాడు. వాళ్ల నివేదిక పేరు 'తలుపు మీద పేరు'. ఫిన్లాండ్ అపార్టుమెంట్లలో ప్రతి తలుపు మీదా ఉండేవాళ్ల ఇంటిపేరు రాసి ఉంటుంది. నివేదిక నిచ్చెనను తలకిందులు చేసింది. ముందు ఇల్లు ఇవ్వాలి, తాగుడు సంగతి, జబ్బు సంగతి, అప్పుల సంగతి తర్వాత చూడాలి. ఇల్లంటే మామూలు అద్దె చట్టం కింద రాసుకున్న ఒప్పందం. ఉండే మనిషి తన ఆదాయంలోంచో, ప్రభుత్వం ఇచ్చే గృహ భత్యంలోంచో అద్దె తనే కడతాడు. చికిత్సకు ఒప్పుకోకపోతే ఇల్లు పోదు. అద్దె ఎగ్గొడితే, పక్కవాళ్లను బతకనివ్వకపోతే మాత్రం అందరు అద్దెదారుల్లాగే ఖాళీ చేయాలి.

అమెరికాలో ఇలాంటి ఆలోచనే అప్పటికి పదిహేనేళ్లుగా అమల్లో ఉంది. సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ నిపుణుడు 1992లో న్యూయార్క్‌లో 'పాత్‌వేస్ టు హౌసింగ్' సంస్థ పెట్టి, వీధిలో ఉన్న మానసిక రోగులకు ఏ షరతూ లేకుండా ఫ్లాట్లు ఇప్పించాడు. అక్కడది ఒక స్వచ్ఛంద సంస్థ ప్రయోగంగా మొదలైంది. ఫిన్లాండ్ దాన్నే దేశ విధానంగా తీసుకుంది. 2008లో 'పావో' పేరుతో కార్యక్రమం ప్రారంభమైంది. కేంద్ర ప్రభుత్వం, పది నగరాలు ఒప్పందాలు రాసుకున్నాయి. ఏ నగరం ఎన్ని ఇళ్లు తేవాలో అందులో అంకెలతో సహా ఉంది. మొత్తం 1,250 కొత్త ఇళ్లు. నిర్మాణ ఖర్చులో సగం దాకా ప్రభుత్వ గ్రాంటు.

ఈ కార్యక్రమం సాహసం ఇళ్లు కట్టడంలో కన్నా బసలు మూయడంలో ఎక్కువ కనిపిస్తుంది. పడకలు ఉన్నంతకాలం అధికారులకు అవే సులువైన దారి, మనిషిని అక్కడికి పంపి ఫైలు మూసేయవచ్చు. అందుకని బసలనే ఇళ్లుగా మార్చడం మొదలుపెట్టారు. హెల్సింకీలోని కల్లియో ఒకప్పటి కార్మికవాడ. అక్కడ అల్పికాటు వీధిలో సాల్వేషన్ ఆర్మీ నడిపే పెద్ద వసతి గృహంలో సుమారు 250 పడకలుండేవి. దాన్ని ఖాళీ చేసి, లోపలి గోడలు మార్చి, 80 దాకా స్వతంత్ర ఫ్లాట్లు చేశారు. ఒక్కోదానిలో వంటగట్టు, స్నానాల గది, లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపు. సిబ్బంది భవనంలో పగలూ రాత్రీ ఉంటారు. కానీ గదిలోకి రావాలంటే తలుపు తట్టాలి.

ఉద్యోగులకు ఇది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. నిన్నటిదాకా తాగిన మనిషిని బయటికి పంపడం వాళ్ల పని. ఇవాళ అతను తన ఇంట్లో తాగుతుంటే, కాఫీ తాగుతూ మాట కలపడం పని. చాలామంది కొత్తగా శిక్షణ తీసుకోవలసి వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు కూడా ఎదురుతిరిగారు. నిరాశ్రయుల భవనం వస్తోందని తెలియగానే ఆ వీధివాళ్లు సంతకాలు సేకరించడం, అభ్యంతరాలు దాఖలు చేయడం పలుచోట్ల జరిగింది. దీనికి జవాబుగా 'ఇరుగుపొరుగు పని' అనే పద్ధతి పుట్టింది. భవనంలో ఉండేవాళ్లు చుట్టుపక్కల వీధులూ పార్కులూ శుభ్రం చేస్తారు, ఫిర్యాదు వస్తే సిబ్బంది వెంటనే వెళ్లి మాట్లాడతారు.

లక్ష్యాలు మాత్రం అనుకున్నట్టు నెరవేరలేదు. దీర్ఘకాలిక నిరాశ్రయతను 2011కల్లా సగం చేస్తామన్నారు, నాలుగో వంతుకు కాస్త మించి తగ్గింది. 2015కల్లా తుడిచేస్తామన్నారు, మూడో వంతుకు పైన తగ్గింది. ఇళ్ల సంఖ్య మాత్రం 1,250ను దాటింది. అదే కాలంలో యూరప్‌లోని మిగతా దేశాలు చాలావాటిలో నిరాశ్రయులు పెరుగుతూ పోయారు కాబట్టి, గురి తప్పిన ఫిన్లాండే అందరికీ ఆదర్శమైంది. హెల్సింకీ బసల్లోని పడకలు 2008 నాటికే 558కి దిగి, 2016లో 52 మిగిలాయి. అవి అత్యవసరానికి మాత్రమే.

చూడడానికి వచ్చిన విదేశీ బృందాలు చాలావరకు పద్ధతిని మెచ్చుకుని వెళ్లాయి. ఆ పద్ధతి ఏ పునాది మీద నిలిచిందో అంతగా పట్టించుకోలేదు. హెల్సింకీ నగరపు భూమిలో 60 శాతానికి పైగా నగర పాలక సంస్థదే. కొత్త పేటలు వేసేటప్పుడు సుమారు నాలుగో వంతు ఇళ్లు ప్రభుత్వ సాయంతో కట్టే తక్కువ అద్దెవిగా ఉండాలన్న నియమం ఉండేది. వై-ఫౌండేషన్ 2016లో ఒక్క కొనుగోలులోనే 8,600 దాకా ఫ్లాట్లు చేజిక్కించుకుని దేశంలో పెద్ద అద్దె యజమానుల్లో ఒకటైంది. ముందు ఇల్లు ఇవ్వాలంటే ముందు ఇల్లు ఉండాలి కదా. దేశం మొత్తం జనాభా 56 లక్షలు, హైదరాబాద్ మహానగర జనాభాలో సుమారు సగం. అంత చిన్న దేశానికి కూడా ఈ ఇళ్లు పోగుచేయడానికి 1985 నుంచి మూడు దశాబ్దాలు పట్టింది.

2012 తర్వాత ఏటా తగ్గుతూ వచ్చిన నిరాశ్రయుల సంఖ్య 2023 చివరకు 3,429కి చేరింది. మరుసటి ఏడాది లెక్కలో అది 3,806 అయింది. ఆరుబయట, మెట్ల కింద, అత్యవసర బసల్లో రాత్రి గడిపేవాళ్లు కూడా పెరిగారు. 2023లో వచ్చిన పెట్టెరి ఓర్పో ప్రభుత్వం పొదుపు పేరుతో గృహ భత్యం కోసింది, ప్రత్యేక వర్గాల ఇళ్లకిచ్చే గ్రాంట్లూ తగ్గించింది. అద్దెకు చాలకపోతే మొదట దెబ్బ తగిలేది చిన్న ఫ్లాట్లలో ఒంటరిగా ఉండేవాళ్లకేనని నిరాశ్రయుల సంఘాలు హెచ్చరించాయి. దీర్ఘకాలిక నిరాశ్రయతను 2027కల్లా లేకుండా చేస్తామన్న లక్ష్యాన్ని మాత్రం ఆ ప్రభుత్వమే తన ప్రణాళికలో ఉంచుకుంది. 2011, 2015 గడువులు తప్పినప్పుడు కనీసం ఇళ్ల నిర్మాణానికి గ్రాంట్లు కొనసాగుతుండేవి, ఈసారి గడువు దగ్గరపడుతుండగా అవి తగ్గుతున్నాయి.