నల్లరేగడి చెప్పిన జన్యుశాస్త్రం

1906లో నంద్యాల నల్లరేగడి నేలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం మొదలైంది. వంశపారంపర్యాన్ని పరిశోధించే కొత్త విద్యకు జెనెటిక్స్ అని పేరు పెట్టాలని విలియం బేట్సన్ లండన్ సభలో ప్రతిపాదించింది కూడా ఆ ఏడాదే. అప్పటి నుంచి ఆ శాస్త్రం వేసిన పెద్ద అడుగులన్నీ కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఏదో ఒక పంట మీద గుర్తులు వదిలాయి. వాన తక్కువైన ఈ సీమలో విత్తనం మారితే బతుకు మారుతుంది. ఇక్కడి పిల్లలు మాత్రం మెండెల్ బఠానీతో జన్యుశాస్త్రం మొదలుపెట్టి పరీక్షతో ముగిస్తున్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. జన్యుశాస్త్రంలో ఒక్కో పద్ధతీ దాని ముందున్న పద్ధతి తీర్చలేని అవసరం కోసం వచ్చింది. ఆ వరుసను మన పంటల్లోనే చూడవచ్చు.

ఏరిన కంకి

మంచి కంకిని ఏరి విత్తనానికి దాచడం రైతుకు తరతరాలుగా తెలుసు. అది ఎందుకు ఫలిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పింది శాస్త్రం. మెండెల్ 1865లో చదివి 1866లో అచ్చువేసిన ఫలితాలు 1900లో మళ్లీ వెలుగు చూశాయి. మూడేళ్ల తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సన్ చిక్కుడు గింజలతో ఇంకో సంగతి తేల్చాడు. స్వపరాగసంపర్కం జరిగే ఒకే మొక్క సంతానంలో చిన్నా పెద్దా తేడాలు కనిపించినా అవి నేల, నీరు తెచ్చిన తేడాలే, తర్వాతి తరానికి అందవు. జన్యురూపం, దృశ్యరూపం అన్న విభజనకు మూలం ఇదే.

మన కొర్ర ఈ పాఠానికి సరిగ్గా సరిపోతుంది. దానిలో స్వపరాగసంపర్కమే ఎక్కువ. రైతుల చేలల్లో కలగలిసిన కొర్రల నుంచి కంకులు ఏరి, ఒక్కో కంకి గింజల్ని ఒక్కో సాలులో విత్తి, నిలకడగా పండిన సాలును రకంగా నిలబెట్టడమే శుద్ధవంశక్రమ వరణం. బ్రిటిష్ పాలనలో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కోయంబత్తూరులో జి.ఎన్.రంగస్వామి అయ్యంగార్ బృందం 1920లు, 30లలో జొన్న, కొర్ర, రాగుల్లో రంగులు, కంకి ఆకారాలు తరాల వెంట ఎలా నడుస్తాయో లెక్కగట్టింది. చిరుధాన్యాలకు మెండెల్ సూత్రాలు ఆ లెక్కలతో సొంతమయ్యాయి. ఇప్పుడు సూర్యనంది వంటి తక్కువ కాలం కొర్ర రకాలు నంద్యాల నుంచే రైతుకు అందుతున్నాయి.

వరణానికి ఒక హద్దుంది. లేని గుణాన్ని అది సృష్టించలేదు. అందుకు రెండు మొక్కల్ని కలపాలి.

చేతులు కలిపిన పత్తి

నాటుపత్తికి 26 క్రోమోజోములు, అమెరికా పత్తికి 52. రెండింటినీ సంకరం చేస్తే 13, 26 కలిసి 39 వస్తాయి. క్షయకరణ విభజనలో వాటికి సరైన జతలు దొరకవు, మొక్క వంధ్యమవుతుంది. కడప జిల్లా మైదుకూరు, టేకూరుపేట పసుపులో కథ ఇలాంటిదే. పసుపుకు మూడు జట్లుగా 63 క్రోమోజోములు. అందుకే విత్తనం దాదాపు కట్టదు, కొమ్ము నాటుతారు. ఆ చేనంతా ఒకే మొక్క నకలు కాబట్టి మంచి గుణం చెదరదు. తెగులు వస్తే తప్పించుకునే తేడా కూడా అందులో ఉండదు.

అమెరికా పత్తి రకాల మధ్య సంకరం సాధ్యమే. 1970లో సూరత్‌లో సి.టి.పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచంలో వాణిజ్యంగా సాగైన తొలి సంకర పత్తి. 1972లో ధార్వాడలో కటార్కి తెచ్చిన వరలక్ష్మి క్రోమోజోముల సంఖ్య సరిపోయే రెండు జాతుల సంకరం. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేసి (ఇదే విపుంసీకరణ), మర్నాడు ఉదయం మగవరుస పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. ఆ పని పూవు పూవుకూ జరగాలి. కర్నూలు జిల్లా విత్తన చేలల్లో అది చాలా ఏళ్లు బడిలో ఉండాల్సిన ఆడపిల్లల చేతుల మీదుగా నడిచింది. 2000 తర్వాత పరిశోధకులు ఆ నిజాన్ని దేశం ముందుంచారు. విపుంసీకరణ పాఠం చెప్పే ప్రతి అధ్యాపకుడూ ఈ ముక్క కూడా చెప్పాలని నా కోరిక.

జొన్నలో ఆ శ్రమను మగవంధ్యత్వం తగ్గించింది. 1964లో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. ముంగారు జొన్న దిగుబడిని సంకరాలు పెంచాయి గాని, నల్లరేగడి తేమ మీద పండే రబీ తెల్లజొన్నను కదిలించలేకపోయాయి. రొట్టెకు కావలసిన గింజ, పశువుకు కావలసిన చొప్ప రెండూ ఉన్న రకాన్నే రైతు ఉంచుకున్నాడు.

కాయలోని లెక్క

పచ్చపురుగును తట్టుకునే గుణం పత్తి జాతుల్లో తగినంతగా దొరకలేదు. దాన్ని బాసిల్లస్ తురింజెన్సిస్ అనే నేల బాక్టీరియా నుంచి తెచ్చారు. దాని క్రై1ఏసీ జన్యువును ఆగ్రోబాక్టీరియం సాయంతో పత్తి కణంలో చేర్చి, కణజాల వర్ధనంతో మొక్కను పెంచి, మన రకాలతోనే మళ్లీ మళ్లీ సంకరం చేసే పశ్చసంకరణాలతో వాటిలోకి మార్చారు. 2002 మార్చిలో అనుమతి వచ్చింది. 2006లో క్రై2ఏబీని కూడా జోడించారు. ఆదోని మార్కెట్టుకు దూది తెచ్చే పల్లెలన్నీ కొద్ది ఏళ్లలోనే బీటీ వైపు తిరిగాయి. పచ్చపురుగు తగ్గింది.

గులాబీరంగు పురుగు మాత్రం తిరిగి లేచింది. ఎందుకో మెండెల్ లెక్క చెబుతుంది. సంకర విత్తనంలో ఈ రెండు బీటీ జన్యువులూ తల్లిదండ్రుల్లో ఒక వైపు నుంచే రావచ్చు. అప్పుడు చేనులో కాసే కాయ గింజలు తర్వాతి తరం. వాటిలో రెండు జన్యువులూ ఉన్నవి 9, ఒక్కొక్కటే ఉన్నవి 3, 3, ఏదీ లేనిది 1. గింజను తినే పురుగుకు ఒకే కాయలో విషమూ దొరికింది, విషం లేని ఆహారమూ దొరికింది. కంపెనీలు విత్తనంతోపాటు ఇచ్చిన బీటీ కాని గింజల్ని చేను చుట్టూ వేయాలన్న నియమం వెనుక కూడా జన్యుశాస్త్రమే ఉంది. నిరోధకత ఎక్కువగా అంతర్గత లక్షణం. ఆ గట్టు పత్తిలో పెరిగిన మామూలు రెక్కలపురుగు నిరోధక పురుగుతో జతకడితే పిల్లలకు ఒక్క ప్రతే అందుతుంది, అవి చస్తాయి. చాలామంది ఆ గింజలు చల్లలేదు. పంట నష్టపోయింది రైతే. ఈ లెక్కను అతనికి తెలుగులో విడమరిచి చెప్పే బాధ్యతను మనమెవ్వరం సరిగా తీసుకోలేదు.

కాలువ కింద వరి

సుంకేసుల నుంచి కడప దాకా సాగే కె.సి.కాలువ కింద పండే కర్నూలు సోనా అసలు పేరు బీపీటీ 5204, సాంబ మసూరి. 1986లో బాపట్లలో విడుదలైంది. అన్నం రుచిలో మేటి. బాక్టీరియా ఆకుఎండు తెగులుకు మాత్రం లొంగుతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువుల్ని అందులో చేర్చాయి. ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, బహిర్గతం. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అంతర్గతాలు. ఒక్క ప్రతి ఉంటే మొక్కలో కనిపించవు. పైగా ఎక్స్‌ఏ21 ఉన్న మొక్క తెగులును తట్టుకుంటుంది కాబట్టి మిగతా రెండూ ఉన్నాయో లేవో చూపుకు అందదు.

ఇక్కడే డీఎన్‌ఏ ప్రయోగశాల అవసరమైంది. లేత ఆకు నూరి డీఎన్‌ఏ తీస్తారు. పీసీఆర్‌లో 94 డిగ్రీల దగ్గర రెండు పోగులు విడిపోతాయి, 55 దగ్గర ప్రైమర్లు అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు అల్లుకుంటుంది. ప్రతి చక్రానికీ రెట్టింపైతే 30 చక్రాలకు ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. డీఎన్‌ఏకు రుణావేశం ఉండడం వల్ల జెల్‌లో ధనధ్రువం వైపు నడుస్తుంది, చిన్న ముక్కలు ముందు పరుగెత్తుతాయి. గీతల్ని చూసి మొలక దశలోనే ఏ మొక్కను ఉంచాలో తేలుస్తారు. పశ్చసంకరణంలో సాంబ మసూరి వాటా 75, 87.5, 93.75 శాతంగా పెరుగుతుంది. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. వరిలోని జన్యువే వరిలోకి సంకరంతో వచ్చింది కనుక ఇది జన్యుమార్పిడి పంట కాదు.

మన వంతు

2012లో కొర్ర జన్యుపటం, 2013లో ఇక్రిశాట్ నాయకత్వంలో శనగ జన్యుపటం వెలువడ్డాయి. శనగలో 28,269 జన్యువులు గుర్తించారు. అంతకుముందే, 1999లో విడుదలైన జేజీ 11 వంద రోజుల్లోపు చేతికొచ్చి, ఎండు తెగులు తట్టుకుని, కర్నూలు, కడప నల్లరేగళ్లలో శనగను నిలబెట్టింది. కూలీల కొరత వచ్చాక యంత్రంతో కోయడానికి వీలైన పొడవాటి ఎన్‌బీఈజీ 47ను నంద్యాల ఇచ్చింది.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఇప్పుడు జన్యుశాస్త్ర, జీనోమిక్స్ విభాగం ఉంది. ఖరీదైన యంత్రాలు లేని డిగ్రీ కళాశాల కూడా చేయగలిగింది చాలా ఉంది. కర్నూలు ఉల్లిగడ్డ వేరుకొనను ఎసిటోకార్మిన్‌తో రంగువేస్తే 16 క్రోమోజోముల సమవిభజన కనిపిస్తుంది. బీటీ పత్తికాయ గింజల్ని పరీక్ష పట్టీలతో ఒక్కొక్కటిగా చూస్తే మెండెల్ నిష్పత్తిని పిల్లలే లెక్కగడతారు. నాలుగు సాళ్లలో నాలుగు కొర్ర కంకులు విత్తితే శుద్ధవంశక్రమం కళ్లముందు నిలుస్తుంది. కరువును ఇంకా బాగా ఓర్చే శనగ, పురుగును మోసపుచ్చే పత్తి ఈ సీమకు ఇంకా కావాలి. వాటిని వెతికేవాళ్లు ఈ తరగతి గదుల్లోంచే రావాలి. వాళ్లకు పాఠ్యపుస్తకంతోపాటు ఒక చేను అప్పగించడం మన కళాశాలలు ఈ ఏడాదే చేయగల పని.